పోస్టరు మీద పేరు

మెల్‌బోర్న్‌లో ఓ శనివారం రాత్రి పదకొండు దాటింది. మావయ్య తెనాలి నుంచి వచ్చి నెల రోజులైంది. ముప్పై ఏళ్లు ఆర్కెస్ట్రాలో ఘంటసాల పాటలు పాడి మైకు వదిలేసిన మనిషి. మేనకోడలు ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటోంది. స్వీడన్ బృందం ‘అబ్బా’ వేషాలు కట్టి, వాళ్ల పాటలే పాడే ఓ స్థానిక బృందం కచేరీ చూసి ఇద్దరూ ఇంటికొచ్చారు. భోజనాల బల్ల మీద, వచ్చే ఆదివారం జరిగే తెలుగువాళ్ల సభ పోస్టరు నమూనా పరిచి ఉంది. ‘అపర ఘంటసాల గాన విభావరి’ అని పైన పెద్దక్షరాలు. మావయ్య పేరు అట్టడుగున, ఆ రోజు భోజనాలు పెడుతున్న హోటలు పేరు కన్నా చిన్నగా ఉంది.

మేనకోడలు: హాలంతా లేచి గంతులేస్తుంటే మీరొక్కరే చేతులు కట్టుకు కూర్చున్నారేం మావయ్యా? నచ్చలేదా?

మావయ్య: నచ్చకపోవడమేం? శ్రుతి పోలేదు, తాళం పోలేదు. ఆ పిల్లలిద్దరూ గొంతులు కలిపి తారషడ్జం అందుకుంటే ఒళ్లు జలదరించింది. అంత గొంతున్న పిల్లలకి ఆ విగ్గులేమిటి, ఆ వెండి బూట్లేమిటి? పాట పాడితే చాలదూ?

మేనకోడలు: విగ్గు తీసేస్తే టికెట్టు ఎవరు కొంటారు?

మావయ్య: నేననేదీ అదే. జనం పాట కోసం రాలేదు, విగ్గు కోసం వచ్చారు. అసలా పేరేమిటి, అబ్బా అని? మోకాలు గుమ్మానికి తగిలితే మనం అనే మాట.

మేనకోడలు: ఆగ్నెతా, బ్యోర్న్, బెన్నీ, అన్నీ-ఫ్రిద్. నలుగురి పేర్లలో మొదటి అక్షరాలు. 1974 ఏప్రిల్ 6న ఇంగ్లండులో, బ్రైటన్‌లో జరిగిన యూరోవిజన్ పోటీలో ‘వాటర్లూ’ పాడి గెలిచారు. అక్కణ్నుంచి ప్రపంచమంతా వాళ్ల పాటే.

మావయ్య: 1974 ఏప్రిలా? ఆ ఫిబ్రవరి పదకొండునే మా ఘంటసాల మాస్టారు పోయారు. రెండు నెలలైనా కాలేదన్నమాట.

మేనకోడలు: చూశారా! ఆయన గొంతు ఆగింది కాబట్టే ఊరూరా మీలాంటి వాళ్ల గొంతు అవసరమైంది. ఇక్కడి కథా అలాంటిదే. 1976లో ఆస్ట్రేలియాలో ‘ఫెర్నాండో’ పాట 14 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. మరుసటేడు మార్చిలో అబ్బా వాళ్లే వచ్చి పాడారు. సిడ్నీలో వాన పడుతున్నా జనం కదల్లేదట. ఆ తర్వాత కచేరీలకని మళ్లీ ఇటు రాలేదు. 1982 చివరికి నలుగురూ ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఈ దేశం ఎంత దూరమో మీకు తెలిసిందే కదా.

మావయ్య: తెలియకేం, విమానం దిగాక మూడ్రోజులు నడుం పట్టేసింది.

మేనకోడలు: పెద్ద పెద్ద బృందాలకీ అదే బాధ. రావాలంటే ఖర్చు, శ్రమ. రానివాళ్ల కోసం ఎన్నాళ్లు కూర్చుంటారు? 1988లో ఈ మెల్‌బోర్న్‌లోనే ‘బ్యోర్న్ అగైన్’ అని అబ్బా పాటల బృందం పుట్టింది. అదే ఏడు అడిలైడ్‌లో పింక్ ఫ్లాయిడ్ పాటలకి ఇంకో బృందం పుట్టింది. 1996లో పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ యాభయ్యో పుట్టినరోజుకి ఆ అడిలైడ్ వాళ్లనే పిలిపించుకుని పాడించుకున్నాడు.

మావయ్య: తన పాట తన ముందు వేరేవాడు పాడుతుంటే వినడం గొప్పే. మరి నువ్వు చెప్పే ఆ మెల్‌బోర్న్ వాళ్లు? వాళ్లూ విగ్గులేనా?

మేనకోడలు: విగ్గులే కాదు, పేర్లూ మార్చుకున్నారు. ఒకావిడ ఆగ్నెతా ఫాల్‌స్టార్ట్, అంటే పరుగుపందెంలో తుపాకీ పేలకముందే ఉరికిన బాపతు. ఇంకాయన బెన్నీ ఆండర్‌వేర్.

మావయ్య: వేళాకోళమా?

మేనకోడలు: ముమ్మాటికీ వేళాకోళమే. స్వీడన్ యాస పెట్టి జోకులు కూడా వేసేవారు. ఎందుకో తెలుసా? ఎనభైల్లో అబ్బా పాటలు ఇష్టమని బయటికి చెప్పుకోవడం నామోషీ అయిపోయింది. మెరుపుల బట్టలు, తేలిక పాటలు, చిన్నపిల్లల సరదా అని కొట్టిపారేసేవారు. అలాంటప్పుడు కచేరీకి వెళ్లాలంటే ఏదో సాకు కావాలి కదా. ‘నవ్వుకోడానికి వెళ్లాం’ అంటే ఎవరూ తప్పుపట్టరు. నవ్వుకోడానికి వెళ్లినవాళ్లు రెండో పాటకల్లా గొంతు కలిపేవారు.

మావయ్య: పెళ్లిలో వియ్యాలవారిని పాటలో వెక్కిరించినట్టు. పైకి తిట్టు, లోపల వరస కలుపుకోవడం.

మేనకోడలు: భలే పట్టారు! ఇంక 1992 చూడండి. జూన్‌లో ఎరేజర్ అనే ఇంగ్లండు జోడీ నాలుగు అబ్బా పాటలు పాడి రికార్డు తెస్తే అది అక్కడ మొదటి స్థానానికెక్కింది. దానికి జవాబుగా మన మెల్‌బోర్న్ వాళ్లు ఎరేజర్ పాటలు రెండింటిని అబ్బా ధోరణిలో పాడి వదిలారు. అదీ 25వ స్థానం దాకా పోయింది. ఆగస్టులో రీడింగ్ ఉత్సవం. ఆఖరి రోజు పెద్ద కచేరీ నిర్వాణ వాళ్లది, అరుపుల సంగీతం. ఆ నిర్వాణ గాయకుడు కర్ట్ కొబేనే పట్టుబట్టి బ్యోర్న్ అగైన్‌ని అదే రోజు వేదికెక్కించాడు. సెప్టెంబరులో అబ్బా పాత హిట్లన్నీ కూర్చిన ‘గోల్డ్’ వచ్చింది. మూడు కోట్లు పైగా అమ్ముడైంది. 2021కల్లా బ్రిటన్ జాబితాలో వెయ్యి వారాలు పూర్తిచేసుకున్న మొదటి ఆల్బమ్ అదే. 1999లో ‘మమ్మా మియా’ నాటకం, 2008లో సినిమా. ఇదంతా మొలిచింది ఆ నకలు బృందం దున్నిన చేలోనే.

మావయ్య: కాకి వాలింది, తాటిపండు రాలింది. పండిన పండుని కాకి రాల్చిందంటావేం? నెత్తికెత్తుకున్న తరమే పదేళ్లకి దించేస్తుంది, ఆ తర్వాతి తరం మళ్లీ ఎత్తుకుంటుంది. పాటలో సత్తువుంది, తిరిగొచ్చింది. మధ్యలో మీ బృందం గొప్పేమిటి?

మేనకోడలు: కాకి ఆ క్షణాన వాలింది కాదు మావయ్యా, నాలుగేళ్ల ముందు నుంచీ ఆ చెట్టు మీదే ఉంది. పండంతా కాకిదే అనను. పండిందని అందరికన్నా ముందు కనిపెట్టింది మాత్రం అదే.

మావయ్య: సరే, కాకికి కళ్లున్నాయని ఒప్పుకున్నాను. ఇది చెప్పు. ఇద్దరాడవాళ్లే పాడుతున్నా పదిమంది పాడినట్టుంది. అదెలా కుదిర్చారు?

మేనకోడలు: వాళ్ల సౌండ్ ఇంజనీరు మైకేల్ ట్రెటో పనితనం. 1973లో ‘రింగ్ రింగ్’ పాటకి ఒకసారి వాయించినదాని మీదే మళ్లీ వాయింపించి, రెండోసారి టేపు వేగం రవ్వంత మార్చాడు. రెండూ పూర్తిగా కలవవు, అలాగని విడిపోవు. ఆ సందులోంచి నిండుదనం వచ్చింది.

మావయ్య: రెండు నాదస్వరాలు పక్కపక్కన ఊదితే వస్తుంది చూడు, అది.

మేనకోడలు: అదే! ఆ టేపు గారడీని స్టూడియో లేకుండా, వేదిక మీద, ఆడుతూ పాడుతూ దించాలి. అది తక్కువ పనా?

మావయ్య: తక్కువని నేనన్నానా? అంత పని చేసింది కదా, ఆ ఎర్రజుట్టు విగ్గు పిల్ల, దాని పేరేమిటి?

మేనకోడలు: ఫ్రిదా, అంటే అన్నీ-ఫ్రిద్.

మావయ్య: అది వేషం పేరు. పిల్ల పేరు?

మేనకోడలు: ...తెలీదు మావయ్యా.

మావయ్య: టికెట్టు కొన్నది నువ్వు. రెండు గంటలు ఈలలేసింది నువ్వు. ఇంటికొచ్చేసరికి ఆ పిల్ల ఎవరో నీకు తెలీదు. నా అభ్యంతరం ఇంతేనమ్మాయ్. పాట తిరిగొచ్చింది, అబ్బా తిరిగొచ్చారు, మీ వయసు మీకు తిరిగొచ్చింది. ఆ పిల్లకేం వచ్చింది?

మేనకోడలు: జీతం వచ్చింది. మీరది చిన్నమాటగా తీసెయ్యకండి. సొంత పాటలు పట్టుకుని ఖాళీ హోటళ్లలో పాడే కుర్రాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో! పైగా వేషం మనకేం కొత్త? కూచిపూడి భాగవతులు, పగటివేషాలు, సురభి. పద్యనాటకంలో కృష్ణుడి కిరీటం ఎంతమంది నెత్తిన మారింది! తిరుపతి వేంకట కవుల పద్యాలే అందరూ పాడారు, జనం వన్స్‌మోర్లు కొట్టారు. ఎవరైనా సొంత పద్యం ఏదని అడిగారా?

మావయ్య: మంచి చోటికే తెచ్చావు. పీసపాటి కృష్ణుడు వేశాడు, షణ్ముఖి కృష్ణుడు వేశాడు. పద్యం ఒకటే. పీసపాటి రాగం తియ్యడం పీసపాటిది, షణ్ముఖిది షణ్ముఖిది. జనం బళ్లు కట్టుకుని వెళ్లింది ఆ తేడా కోసం. అందరూ కృష్ణుడి వేషం వేశారు గానీ పీసపాటి వేషం ఎవరూ వెయ్యలేదు.

మేనకోడలు: వేశారు! మన జాతర్లలో డూప్ ఎన్టీఆర్ వచ్చేవాడు కదా. రామారావు కృష్ణుడి వేషం వేస్తే, ఆ రామారావు వేషం ఇతను వేశాడు.

మావయ్య: అది రికార్డింగ్ డాన్సమ్మా.

మేనకోడలు: ఆ విదిలింపే వద్దంటున్నాను. మా చిన్నప్పుడు అతను ట్రాక్టరు మీద నిలబడి చెయ్యెత్తితే ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. అసలు రామారావు మా ఊరు వస్తాడా? వచ్చినవాడితోనే మేం పండగ చేసుకున్నాం. రెండు పూటలా అన్నం పెట్టిన వేషాన్ని మీరెందుకు చులకన చేస్తారు? మీ ఆర్కెస్ట్రా స్టేజీ అతని ట్రాక్టరు కన్నా ఎంత ఎత్తు?

మావయ్య: (కాసేపాగి) ఎత్తేం కాదులే. అతన్ని అనకూడదు. కానీ నేరెళ్ల వేణుమాధవ్‌ని చూడు. ధ్వన్యనుకరణతో పద్మశ్రీ దాకా వెళ్లాడు. ఎంతమంది గొంతులు పలికినా కింద పేరు వేణుమాధవ్ అనే ఉండేది. వందమందిని పలికితే అది విద్య. ఒక్కడినే ముప్పై ఏళ్లు పలికితే, ఆ ఒక్కడు మన గొంతులో అద్దెకి దిగి ఇల్లు రాయించుకుంటాడు.

మేనకోడలు: ఇది అబ్బా గురించి కాదు మావయ్యా.

మావయ్య: కాదు. 1986 అనుకుంటా. కొల్లిపర దగ్గర ఓ పల్లెలో శ్రీరామనవమి పందిరి. రాముడి మీద నేనే ఓ పాట రాసి మోహనలో కట్టుకున్నాను. నెలరోజులు సాధన చేశాను. పల్లవి అయింది, అనుపల్లవి అయింది. చరణం ఎత్తుకోబోతుంటే వెనకనించి ఎవరో ‘మాస్టారి పాటెయ్యవయ్యా’ అన్నాడు. తిట్టలేదు, గొడవ చెయ్యలేదు, ముద్దుగానే అడిగాడు. పందిరంతా ఈలలు. కీబోర్డు కుర్రాడు నా మొహంకేసి చూశాడు. ఎత్తుకో అన్నాను. ఆ చరణం ఆ పందిట్లోనే ఉండిపోయింది.

మేనకోడలు: అమ్మ ఎప్పుడూ చెప్పలేదే!

మావయ్య: మీ అమ్మకేం తెలుసు? ఆ ఏడాదే దాని పెళ్లి. ఆ సీజన్లో పాడిన మాస్టారి పాటలే దాని పెళ్లిఖర్చు. ఆయన నాకు అన్నం పెట్టాడు, చెల్లెలి పెళ్లి చేశాడు. ఆయన మీద నాకేం కోపం? ‘అపర’ అనే మాట మీదే.

మేనకోడలు: అలా నకలు పాడుతూనే అసలైనవాళ్లూ ఉన్నారు. మనీలాలో జర్నీ బృందం పాటలు పాడుకునే ఆర్నెల్ పినెడాని యూట్యూబులో చూసి, 2007లో ఆ జర్నీ వాళ్లే తమ గాయకుడిగా పెట్టుకున్నారు. జూడాస్ ప్రీస్ట్ కూడా 1996లో అలాగే, తమ పాటలు పాడుకునే కుర్రాణ్ని తెచ్చుకుంది.

మావయ్య: ఆ ఫిలిప్పీన్స్ కుర్రాడు ఏ పేరుతో పాడుతున్నాడు?

మేనకోడలు: తన పేరుతోనే.

మావయ్య: అదీ! కుర్చీ పాతదే, కూర్చున్నవాడు కొత్తవాడని చెప్పుకున్నారు. మన సినిమాల్లో గాయకుడు రామకృష్ణా అంతే. మాస్టారి పోలిక ఉందనేవారు జనం. అయినా టైటిల్సులో పేరు రామకృష్ణే.

మేనకోడలు: పోనీ, ఇది వినండి. 2000లో మళ్లీ కలిసి పాడితే వంద కోట్ల డాలర్లిస్తామంటే అబ్బా వాళ్లు వద్దన్నారు. 2022 మే 27న లండన్లో ‘అబ్బా వోయేజ్’ మొదలైంది. మూడువేల మంది పట్టే హాలు దానికోసమే కట్టారు. వేదిక మీద నలుగురూ ఆడతారు, పాడతారు. కానీ వాళ్లు మనుషులు కారు, కంప్యూటర్లో చేసిన బొమ్మలు. డెబ్బై ఏళ్ల చుట్టుపక్కలున్న అసలు మనుషులు ఐదు వారాలు ప్రత్యేకమైన బట్టలు తొడుక్కుని 160 కెమెరాల ముందు ఆడితే, ఆ కదలికలకి 1979 నాటి మొహాలు తొడిగారు. పక్కన వాయించే పదిమంది మాత్రం నిజం మనుషులు.

మావయ్య: అంటే అబ్బా వేషం అబ్బా వాళ్లే వేశారా?

మేనకోడలు: అంతేగా! విగ్గు పెట్టుకున్న పిల్ల నకలైతే, ఆ బొమ్మ ఏమిటి? ఆ పిల్ల గొంతైనా ఆ రాత్రిది. తప్పినా తప్పుతుంది, దాహమేసి నీళ్లూ తాగుతుంది. మీరు మొదట్లో అడిగిన వెండి బూట్లు కూడా అసలువాళ్లకే వేషం. వీధిలో వేసుకోలేనంత విడ్డూరంగా ఉంటేనే స్వీడన్‌లో ఆ బట్టల ఖర్చుకి పన్ను మినహాయింపు దొరికేదని బ్యోర్నే చెప్పాడు.

మావయ్య: (నవ్వుతూ) ఆడిటరు చెప్పిన వేషమన్నమాట! సరే, వాళ్ల పాటలు వాడుకుంటున్నందుకు ఈ బృందాల మీద వాళ్లు కేసులు వెయ్యలేదా?

మేనకోడలు: పాటలకి వెయ్యరు. హాలువాళ్లు హక్కుల సంఘానికి లైసెన్సు రుసుం కడతారు. ఇక్కడ ఆప్రా, మనకి ఐపీఆర్‌ఎస్ లాగ. అందులోంచి రాసినవాళ్లకీ, బాణీ కట్టినవాళ్లకీ వాటా పోతుంది.

మావయ్య: పాడినవాళ్లకి?

మేనకోడలు: ఆ రుసుం పాట కట్టినవాళ్లదే. అంటే ఎక్కువగా బెన్నీకీ బ్యోర్న్‌కీ.

మావయ్య: జుట్టు ఆగ్నెతాది, గొంతు ఫ్రిదాది, వాటా బెన్నీదీ బ్యోర్న్‌దీ! పాడేవాళ్ల రాత ఎక్కడైనా ఒకటే.

మేనకోడలు: కేసు పడింది పేరు మీద. 2021 డిసెంబరులో న్యూయార్కు కోర్టులో అబ్బా వాళ్ల రికార్డు కంపెనీ ‘అబ్బా మేనియా’ అనే ప్రదర్శన నడిపేవాళ్ల మీద దావా వేసింది. మా పేరు తగిలించుకుని మా అనుమతి ఉన్నట్టు జనాన్ని నమ్మిస్తున్నారని.

మావయ్య: (బల్ల మీద తట్టి) ఇప్పుడు చెప్పు, నేను ఇందాకట్నించీ మొత్తుకునేది ఏమిటి? పాట పాడుకో, రుసుం కట్టుకో, పేరు జోలికి రాకు. చదువుకున్న లాయర్లు గీసిందీ అదే గీత.

మేనకోడలు: ఆ గీత మావాళ్లకి 1988లోనే తెలుసు. బృందం పేరులో అబ్బా అనే మాటే లేదు చూడండి. ‘బోర్న్ అగైన్’ అంటే మళ్లీ పుట్టడం, అందులో బ్యోర్న్ పేరు దూర్చారు. మేం వాళ్లం కాదు, వాళ్ల సరదా మాత్రం మాది అని పేరులోనే చెప్పేశారు. మరి ఆ తెలివి మీరు మెచ్చుకోవాలి.

మావయ్య: మెచ్చుకున్నాను. వేళాకోళమే నిజాయితీ అయింది అక్కడ. ‘అపర’లో ఆ వేళాకోళం లేదమ్మా. ముప్పై ఏళ్లు నిజమనే రాశారు. ఏదీ, ఆ కలం ఇలా తే. పైన నా పేరు. దాని కింద ‘ఘంటసాల పాటలు’. అపర కొట్టెయ్.

మేనకోడలు: మీరేమీ అనుకోకపోతే ఓ మాట. మెల్‌బోర్న్‌లో మీ పేరు ఎవరికి తెలుసు? అది చూసి ఎవరొస్తారు?

మావయ్య: ఇందాక పాడిన పిల్ల పేరు నీకు ఎందుకు తెలీదు? వేదిక మీద చెప్పలేదు, బయట రాయలేదు, అందుకు. రాస్తేగా తెలిసేది!

మేనకోడలు: అయితే బేరం. మీ పేరూ ఘంటసాల పేరూ ఒకే సైజు అక్షరాలు. ఆయన పేరు చూసి వస్తారు, మీ పేరు తెలుసుకుని వెళ్తారు.

మావయ్య: హోటలు పేరు?

మేనకోడలు: రెండింటికన్నా చిన్నది. వాళ్లతో నేను మాట్లాడతాను. ఇంకోటి, ఆఖరి పాట మీ మోహన పాట.

మావయ్య: చరణం గుర్తులేదే.

మేనకోడలు: పల్లవి ఉందిగా. అందుకోండి.

(మావయ్య కళ్లు మూసుకుని, కుర్చీ చేతి మీద తాళం వేస్తూ పల్లవి అందుకున్నాడు. రెండుసార్లు తిప్పి పాడి ఆపాడు. మేనకోడలు కాసేపు మాట్లాడలేదు.)

మావయ్య: ఎలా ఉంది? ఉన్నది చెప్పు.

మేనకోడలు: బాగుంది మావయ్యా. కానీ... అచ్చం ఘంటసాలే పాడినట్టుంది. ఆ గమకం, ఆ ఒత్తు, ఊపిరి తీసుకునే చోటు కూడా.

మావయ్య: నాకు తెలియదనుకున్నావా? ముప్పై ఏళ్లు ఒకే బావి నీళ్లు తాగిన గొంతు. నోరు తెరవగానే వినేవాళ్లకి అది ఎలాగూ తెలిసిపోతుంది. తెలిసిపోయేది పోస్టరు మీద రాయడం దేనికి? వాళ్లకి తెలియనిది రాయించు.